ఇంటూ పన్నెండు

ఇంట్లో ఆమెని మైకు అంటారు. మూడేళ్ళప్పుడు ఏడుపు లంకించుకుంటే వీధి చివర దుకాణంవాడు తక్కెడ కింద పెట్టి బయటికొచ్చి చూశాడట. ఆ గొంతు పెద్దయ్యాక గుండ్రంగా, తీరుబడిగా తయారైంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా అని, ఆ నోటినే నమ్ముకుని కమ్యూనికేషన్ డిగ్రీలో చేరింది. ఆరు లక్షలు అప్పు చేసి చేరింది.

ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. చదివిన కాలేజీలోనే పని. జీతం ఇరవై రెండు వేలు. ఆరు నెలలకోసారి ఉద్యోగం కాగితం కొత్తగా రాయించుకోవాలి.

పని చేసే గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. పైన పిల్లలు క్లాసులు మారినప్పుడల్లా కప్పు మీద గుర్రాలు పరిగెత్తినట్టు ఉంటుంది. నాలుగు బల్లలు, నాలుగు హెడ్‌ఫోన్లు. ఎదురుగా గోడ మీద ఏం మాట్లాడాలో రాసిన కాగితం. పాత విద్యార్థులకి ఫోన్ చెయ్యాలి. ఈ నెల ఎంత సంపాదించారో అడగాలి. చెప్పిన అంకెని పన్నెండుతో గుణించి గడిలో వెయ్యాలి. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే అక్కడ అడ్డగీత. అడ్డగీత పడ్డవాళ్ళు లెక్కలోకి రారు. మిగిలినవాళ్ళ సగటు ఒకటి, అందరిలోకీ పెద్ద అంకె ఒకటి, ఏటా అచ్చయ్యే రంగుల పుస్తకంలోకి వెళ్తాయి. కోర్సుకో పేజీ.

గదికి పెద్ద ఒక యాభై దాటినాయన. మనిషి మెత్తన. పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఆయన లేనప్పుడు ఇంటూ పన్నెండు అంటారు.

ఒకసారి ఫోన్లో ఒకతను, ఎన్నికల ప్రచారం బళ్ళకి గొంతు ఇచ్చానని, ఈ నెల అరవై వేలు వచ్చాయని చెప్పాడు. మైకు హెడ్‌ఫోన్ చెవి మీంచి పక్కకి జరిపింది.

"సార్, ఎన్నికలు నెలనెలా రావు కదా?"

"ఆఫీసులో రాజకీయాలు మాట్లాడకూడదమ్మా. ఇంటూ పన్నెండు."

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడు లక్షల ఇరవై వేలని గడిలో వేసింది.

ఆ పుస్తకమే ఇంటికి వచ్చింది. చెల్లి తెచ్చింది.

చెల్లికి పద్దెనిమిదేళ్ళు. అక్క చదివిన కోర్సులోనే, అక్క చదివిన కాలేజీలోనే సీటు వచ్చింది. ఈసారి ఫీజు ఎనిమిది లక్షలు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి బ్యాంకులో అప్పు కాగితాల మీద సంతకాలు. పొద్దున్నే ఇంట్లో టీ గ్లాసుల మధ్య పుస్తకం తెరిచి ఉంది. పెద్ద అంకె కింద నాన్న పెన్సిలుతో గీత గీశాడు.

నాన్న లారీ కాటా దగ్గర పని చేస్తాడు. ఇరవై ఆరేళ్ళ నుంచి అదే కాటా, అదే కుర్చీ. లోడుతో ఒకసారి తూస్తాడు, ఖాళీ చేసి వచ్చాక ఇంకోసారి తూస్తాడు. రెండో తూకం కళ్ళతో చూడకుండా చీటీ మీద సంతకం పెట్టడు. డ్రైవర్లు తొందరపెట్టినా పెట్టడు, బతిమాలినా పెట్టడు. అలాంటి మనిషి అచ్చులో ఉన్న అంకెని మాత్రం నమ్మేస్తాడు. అచ్చంటే ఆయనకి భయం లాంటి గౌరవం.

"పదకొండు లక్షల నలభై వేలు," అని చదివాడు. నాలుగోసారి చదవడం.

"ఎవరో మహాతల్లి, పెట్టి పుట్టింది," అంది చెల్లి. "నీకు తెలీదా అక్కా?"

"ఆ పుస్తకం నేను చేరకముందుది. అయినా మాకు పేర్లు కనపడవే. నంబర్లే."

"తల్లి అని నీకెవరు చెప్పారు? తండ్రి అయ్యుండొచ్చుగా," అన్నాడు నాన్న.

"మాట్లాడి డబ్బులు తెచ్చేది ఆడదే," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "మగాళ్ళు మాట్లాడితే ఖర్చు."

నాన్న నవ్వాడు. చెల్లి నవ్వలేదు, లెక్క వేస్తోంది. లెక్కల్లో దిట్ట ఆ పిల్ల. "నాకు అందులో సగం చాలు. పోనీ సగంలో సగం. అప్పు ఐదేళ్ళలో తీరిపోతుంది. అక్కది తీరిపోవచ్చింది కదా, నాది ఎందుకు తీరదు?"

"అంతే కదమ్మా?" అన్నాడు నాన్న, పెద్దకూతురి వైపు తిరిగి.

"ఆఁ," అంది మైకు.

అయిపోవచ్చింది నాన్నా అని రెండేళ్ళ కిందట ఒకసారి అంది. చెప్పులేసుకుంటూ, బస్సుకి ఆలస్యమవుతూ అంది. ఆ మాట అప్పట్నుంచి ఇంట్లోనే ఉండిపోయింది. దానికి తిండి పెట్టక్కర్లేదు, పక్క వెయ్యక్కర్లేదు. పిలిచినప్పుడల్లా పలుకుతుంది.

"మూడింటికల్లా వచ్చెయ్యి. జీతం చీటీ మర్చిపోకు," అన్నాడు నాన్న. ఏడాదిన్నరలో ఆయన రిటైరవుతాడు. ఆ వయసుకి బ్యాంకువాళ్ళు ఆయన ఒక్కడి హామీ ఒప్పుకోరు. పెద్దకూతురి సంతకం కావాలి.

బస్సులో ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది. చెల్లి తనకంటే తెలివైనది. పదకొండు నలభై ఎవరికో వచ్చిందంటే, ఎక్కడో దారి ఉందన్న మాటే. తనకి దొరకలేదు. చెల్లికి దొరకొచ్చు.

గదిలో ఇంటూ పన్నెండు ఆమె కోసం పని తీసి పెట్టాడు.

"మధ్యాహ్నం సెలవన్నావుగా. అయితే పొద్దున్నే ఇది కానిచ్చెయ్యి. అచ్చయిన పుస్తకం తాలూకు పాత పట్టీ. కొత్త గళ్ళలోకి ఎక్కించాలి. చూసి ఎక్కించు, ఆలోచించి కాదు."

కమ్యూనికేషన్ పట్టీలో అరవై నాలుగు వరసలు. రోల్ నంబరు, ఆ నెల ఆదాయం, ఇంటూ పన్నెండు. అడ్డగీతలు ఎక్కువ. ఎక్కిస్తూ వెళ్తోంది. ముప్ఫై ఏడో వరస దగ్గర వేలు ఆగింది.

తొంభై ఐదు వేలు. పదకొండు లక్షల నలభై వేలు.

రోల్ నంబరు తనదే.

మళ్ళీ చూసింది. మూడేళ్ళు ప్రతి పరీక్ష కాగితం మీదా తన చేత్తో రాసిన నంబరు. పొరపడే వీలు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదిన్నర కిందట, యంత్రాల ఎగ్జిబిషన్. ఇరవై ఆరు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేజీ మీద నిలబడి నీటి పంపుల గురించి చెప్పింది. గొంతు బొంగురుపోతే వేడినీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. స్టేజీ వెనక అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. ఎవరో చిన్నపిల్ల గొంతు. కాలేజీ నుంచి అక్కా, ఈ నెల ఎంత వచ్చిందో చెప్తారా? తొంభై ఐదు, అంది మైకు. అందులో అణా అబద్ధం లేదు. ఆ అంకె నోటితో అన్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ తెలుసు. రోజంతా ఎవరి పంపులో పొగిడిన నోరు అది. ఆ ఒక్క మాట తన గురించి.

తర్వాత నాలుగు నెలలు ఏమీ లేదు. ఆ ఏడాది మొత్తం కలిపితే రెండు లక్షల ముప్ఫై వేలు.

ఆమె అడ్డగీతలు లెక్కపెట్టింది. నలభై ఐదు. సగటు వేసింది పంతొమ్మిది మందికి. ఆ పంతొమ్మిది మందిలో తను ఒకతె. తనలాంటివాళ్ళు ఇంకెంతమందో.

"సార్, ఇది నేను."

"ఏది?"

"పదకొండు నలభై."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అబ్బో! మరి ఇక్కడెందుకున్నావమ్మా?"

"అదే చెప్తున్నా సార్. అది ఒక్క నెల. ఆ ఏడాదికి మొత్తం రెండు ముప్ఫై."

"ఆ నెల తొంభై ఐదు అని చెప్పావా లేదా?"

"చెప్పాను."

"వచ్చాయా లేదా?"

"వచ్చాయి."

"పన్నెండు తొంభై ఐదులు?"

"పదకొండు నలభై."

"ఎక్కడ తప్పుందో వేలు పెట్టి చూపించు. ఇప్పుడే దిద్దుతా."

చూపించలేకపోయింది. ఏ అడుగుకి ఆ అడుగు సరిగ్గానే ఉంది. నడక మాత్రం గోతిలోకి. ఏడాది నుంచి తను కూడా అందరి చేతా అదే అడుగు వేయిస్తోంది.

"మా చెల్లి చేరుతోంది సార్. ఈ పేజీ చూసి. ఇవాళే బ్యాంకు."

ఆయన కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. "మా వాడు కూడా ఇక్కడే చదివాడు. నీకంటే రెండేళ్ళు ముందు. వాళ్ళ పట్టీలో అడ్డగీత. నేను చేసినా ఎత్తడు." పట్టీ ఆమె వైపు జరిపాడు. "ఎల్లుండి నీ కాగితం కొత్తగా రాసేది నేనే. బెదిరించట్లేదు. తారీకు గుర్తుచేస్తున్నా. ఇక్కడ అరిస్తే పుస్తకం మారదు. చెప్పుకునేదేదో ఇంట్లో చెప్పుకో."

ఇంట్లో చెప్పుకోవడమే కష్టం. ఇంట్లో చెప్పాలంటే ఈ అంకె ఒక్కటే చాలదు. తన అప్పు సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే రెండేళ్ళ మాట వెనక్కి తీసుకోవాలి. బస్సులో నిలబడి మొదటి వాక్యం కోసం వెతికింది. మాట్లాడటం మీదే డిగ్రీ తీసుకుంది. దిగాల్సిన స్టాపు వచ్చింది గాని, వాక్యం రాలేదు.

బ్యాంకులో నాన్న ముందే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, దాంట్లో కాగితాలు, కాగితాల మీద రెండు చేతులు. చెల్లి గోడ మీద వెలిగే టోకెన్ నంబరునే చూస్తోంది. చేతిలో నలభై ఒకటి. గోడ మీద ముప్ఫై ఎనిమిది.

"ఏంటే అలా ఉన్నావు?" అంది చెల్లి. "అప్పు నీకా నాకా?"

"ఎండ."

ముప్ఫై తొమ్మిది. నలభై. మైకు రెండుసార్లు గొంతు సవరించుకుంది. రెండుసార్లూ నాన్న ఆమె వైపు చూశాడు. రెండుసార్లూ ఆమె జీతం చీటీ ఉందా లేదా అని సంచీ తడిమింది. నలభై ఒకటి.

ఆఫీసరు ఒక నడివయసు ఆవిడ. కుడి మణికట్టుకి పట్టీ కట్టుకుంది. ఎడమచేత్తో తాపీగా టైపు చేస్తోంది. చెల్లి మార్కులు చూసి బాగున్నాయంది. పుస్తకం తెచ్చారా అని అడిగింది. నాన్న తీసిచ్చాడు. ఆవిడ కమ్యూనికేషన్ పేజీ తిప్పి, సగటు ఆదాయం అన్నచోట ఉన్న అంకెని కంప్యూటర్లోకి ఎక్కించింది. అడగలేదు, ఆలోచించలేదు. అచ్చులో ఉంది, ఎక్కించింది.

"సరిపోతుంది. కోర్సుకి ఆదాయం బాగానే చూపిస్తోంది. వయసే అడ్డొస్తోంది పెద్దాయనా. పెద్దమ్మాయి హామీ సంతకం పెడితే ఇవాళే పంపించేస్తాను. ఇవాళ పంపకపోతే మాత్రం సీటు గడువుకి అందదు."

కాగితం బల్ల మీద జరిగి మైకు ముందుకొచ్చింది. మూడుచోట్ల పెన్సిలుతో చిన్న గుర్తు. నాన్న జేబులోంచి కలం తీసి, మూత విప్పి ఇచ్చాడు.

"పెట్టమ్మా."

కలం చేతిలోకి తీసుకుంది. మొదటి గుర్తు మీద ఆనించింది. చిన్న చుక్క పడింది.

"నాన్నా, ఆ పదకొండు లక్షల నలభై వేలు నేనే."

నాన్నకి అర్థం కాలేదు. "ఏం నువ్వు?"

చెల్లికి నవ్వొచ్చింది. "నువ్వా? నిన్న బస్సుకి నా దగ్గర చిల్లర తీసుకున్నావు."

"చిల్లర తీసుకున్నదీ నేనే. పుస్తకంలో ఉన్నదీ నేనే."

చెప్పింది. ఎగ్జిబిషను, పంపులు, ఫోను, పన్నెండు. ఎన్నికల గొంతు గురించి చెప్పింది. నలభై ఐదు అడ్డగీతల గురించి చెప్పింది. అలాంటి అంకెలు తన చేత్తోనే ఎక్కిస్తున్నానని కూడా చెప్పింది. ఆఫీసరు ఎడమచెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

"నా పాత అప్పు తెరవండి మేడం. ఎంతుందో చదవండి."

"వీళ్ళ ముందా? మీకిష్టమేనా?"

"చదవండి."

ఆవిడ నంబరు కొట్టింది. రేషను చీటీ చదివినంత మామూలుగా చదివింది. "తీసుకున్నది ఆరు లక్షలు. ఇప్పటిదాకా కట్టింది నాలుగు లక్షల ఇరవై వేలు. మిగిలింది ఏడు లక్షల ముప్ఫై ఒక్క వేలు."

"తప్పు చదివినట్టున్నారమ్మా," అన్నాడు నాన్న మర్యాదగా. "కడితే తగ్గాలి కదా."

"చదువుకున్న మూడేళ్ళ వడ్డీ చేరింది. తర్వాత ఉద్యోగం లేదని ఇంకో ఏడాది ఆపుకున్నారు. ఆ తర్వాత వాయిదా తగ్గించమన్నారు, తగ్గించాం. నెలకి ఏడు వేలు కడుతున్నారు. అందులో ఆరు వేల నాలుగు వందలు వడ్డీకే."

"ఇలా కడితే ఎప్పటికి తీరుతుంది?"

ఆవిడ మీటలు నొక్కింది. జవాబు తెర మీద కనబడినా చెప్పడానికి కొంచెం టైం తీసుకుంది.

"ఇరవై మూడేళ్ళు."

నాన్న కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. తిరిగి పెట్టుకోలేదు. "అయిపోవచ్చిందన్నావు."

"అన్నాను."

"దానికి హామీ ఉన్నది నేను. కాగితం ముక్కైనా రావాలి కదా నాకు."

"నీ ఫోన్ నంబరు తీయించి నాది పెట్టించాను నాన్నా. అన్నీ నాకే వచ్చేవి."

ఆయన తల ఊపాడు. కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. వస్తే బాగుండేది. ఆయన అడిగాడు. "ఖాళీ బండి ఎంత?"

బ్యాంకులో ఇంకెవరికీ అర్థం కాలేదు. ఆమెకి అర్థమైంది.

"ఇరవై రెండులో వాయిదా ఏడు. అమ్మకి పది. బస్సుకి రెండు. మూడు మిగులుతుంది నాన్నా. నెలాఖరుకి అదీ ఉండదు."

"అంటే నన్ను చదవొద్దంటావు," అంది చెల్లి. గొంతు పెద్దది కాలేదు, సన్నబడింది.

"అలా అనలేదే."

"నువ్వు చదివేసుకున్నావు. ఇప్పుడు ఏరు దాటి తెప్ప తగలేస్తున్నావు."

"నేనెక్కడ దాటానే? ఇంకా నడుమునీళ్ళలోనే ఉన్నాను."

"పొద్దున చెప్పొచ్చుగా. నిన్న చెప్పొచ్చుగా. కలం ఇచ్చాక చెప్తావా?"

మైకు కలాన్ని కాగితం మీంచి తీసి బల్ల మీద పెట్టింది.

వెనక ఎవరో దగ్గారు. ఆఫీసరు పుస్తకం మూసి నాన్న వైపు జరిపింది. "టోకెన్లు ఉన్నాయండీ. ఐదింటికి మూసేస్తాం. బయట మాట్లాడుకుని రండి. కాగితాలు ఇక్కడే ఉంచుతాను." మైకుతో మాత్రం వేరేగా అంది. "మీరు సంతకం పెడితే ఇది వెళ్ళిపోతుందమ్మా. మీరు చెప్పినవేవీ ఈ తెర మీద అడ్డం రావు."

అంటే ఇంక ఆపేది ఏదీ లేదు. ఆమె చెయ్యి తప్ప.

బయట మెట్ల మీద నీడ ఒక పక్కకే ఉంది. నాన్న అందులో కూర్చున్నాడు. చెల్లి ఎండలో నిలబడింది. నాలుగు దాటింది.

"పెడతావా పెట్టవా?"

"పెట్టను."

"నీ ఒక్కదాని సంగతి చూసి నేనెందుకు మానుకోవాలి? నువ్వు సరిగ్గా వెతుక్కోలేదేమో. నీకు చేతకాలేదేమో. మిగతా నలభై ఐదు మంది బాగున్నారేమో. నీకు తెలుసా?"

"తెలీదు. ఎత్తరు."

"కాలేజీ నంబరు చూసి ఎత్తరు. నీ నంబరు చూస్తే ఎత్తుతారు." చెయ్యి చాచింది. "ఫోన్ ఇటివ్వు. నీతో చదివినవాళ్ళు ఎవరెవరు?"

మైకు పేర్లు చూపించింది. ఫోన్లో అన్నీ అప్పటి ముద్దుపేర్లే. లైబ్రరీ. పొడుగు. వెనక బెంచీ. కొసరు. గొడుగు.

చెల్లి మొదట గొడుగుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తర్వాత పొడుగుకి చేసి స్పీకరు పెట్టింది.

"అన్నా, నేను మైకు చెల్లెల్ని. మీ కోర్సులో చేరదామనుకుంటున్నా. అక్క ఇక్కడే ఉంది, వింటోంది. పోయిన ఏడాది మొత్తం మీద మీకెంత వచ్చిందో చెప్తారా?"

అవతల బండ్ల చప్పుడు. "ఏడాదికా? ఎవరూ ఏడాదికి అడగలేదమ్మా. ఆగు." లెక్కేసుకుంటున్నాడు. "లక్షా ఎనభై. కొరియర్ ఆఫీసులో కౌంటరు. ఎందుకు దాస్తాను, పార్సిల్ అందంగా అప్పగిస్తానని పేరు నాకు."

"ఏయే నెలల్లో అసలేమీ రాలేదన్నా?"

"మొదటి మూడు. అక్కడ చేరకముందు."

మైకు ఆ ప్రశ్న విని చెల్లి వైపు చూసింది. ఏడాదిలో వందల మందితో మాట్లాడింది. ఒక్కసారి కూడా అది అడగాలని తోచలేదు.

లైబ్రరీ వెంటనే ఎత్తింది. ఒక పెద్ద ఆసుపత్రిలో పనిట. రోగులకి, పత్రికలకి ఏం చెప్పాలో రాసిచ్చేది తనే. నెలకి యాభై. ఏడాదంతా యాభయ్యే. పనంటే ఇష్టం.

చెల్లి ముఖం వెలిగింది. అక్క వైపు గెలిచినట్టు చూసింది. "అప్పు ఎన్నేళ్ళలో తీర్చారక్కా?"

"నాకు అప్పెక్కడిదమ్మా? మా అత్త కట్టింది ఫీజు. ఆవిడ కట్టకపోతే మొదటి మూడేళ్ళు ఊరికే పని నేర్చుకుంటూ కూర్చోగలిగేదాన్నా?"

చెల్లి థాంక్సక్కా అంది. ఫోన్ పెట్టేసి తర్వాతి పేరు వెతికింది.

వెనక బెంచీ ఎత్తాడు. ప్రశ్న విన్నాడు. "నాకు ఫోన్ చెయ్యమని ఎవరు చెప్పారు నీకు?" అని పెట్టేశాడు. ముగ్గురూ ఆ ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు. రెండు నిమిషాలకి అతనే చేశాడు.

"ఎనిమిది నెలలు ఏమీ లేదు," అన్నాడు. "ఆఫీసుకని పొద్దున్నే బయల్దేరతాను. మా ఇంట్లో తెలీదు. మైకుకి మాత్రం చెప్పకు. అది బాగా స్థిరపడిందని విన్నాను."

స్పీకరు అలాగే ఉంది. మైకు మెట్టు మీద గచ్చు పెచ్చు ఒకటి గోటితో గీకుతోంది. నాన్న తల వంచుకున్నాడు.

"చెప్పనన్నా," అంది చెల్లి.

ఐదుకి పది నిమిషాలు. కొసరు ఆఖరుగా ఎత్తింది. ఏడాదికి మూడు లక్షలు. పిల్లలకి మాట్లాడటం నేర్పుతుందిట. అప్పు నాలుగు లక్షలుండగా నగలమ్మి తీర్చేసిందిట. "కోర్సు మంచిదేనే. నాకు నోరొచ్చింది అక్కడే. కానీ ఇప్పుడెంతన్నావు, ఎనిమిదా? ఎనిమిదికి మంచిది కాదు. మూడుకైతే మంచిది. రెండుకైతే చాలా మంచిది. బేరమాడటానికి అదేం కూరగాయలు కాదనుకో."

బ్యాంకు కాపలా మనిషి కర్రకొక్కెం పట్టుకుని వచ్చాడు. షట్టరు సగానికి దించాడు. "లోపలికా బయటికా, తేల్చుకోండమ్మా."

చెల్లి ఫోన్ తన సంచీలో వేసుకుంది. ఎవరినీ చూడలేదు. వంగి షట్టరు కింద నుంచి లోపలికి వెళ్ళింది.

నాన్న లేవబోయాడు. మైకు ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ కూర్చున్నారు. లోపల ఏం జరుగుతోందో కనబడదు. ఇంకెవరి హామీ అయినా పనికొస్తుందా అని అడుగుతుండొచ్చు. పుస్తకంలో సగటు చాలు, అక్క సంతకం లేకుండా పంపండి అని బతిమాలుతుండొచ్చు. ఆ పిల్ల బతిమాలితే గోడలు కూడా కరుగుతాయి.

"నా సంతకం కూడా ఉంది కదమ్మా నీ దాని మీద," అన్నాడు నాన్న, ఎటో చూస్తూ. "నేనైనా ఒకసారి వచ్చి అడగాల్సింది. అడగలేదు."

"నేను అడగనివ్వలేదు నాన్నా."

"అదీ నిజమే." ఒళ్ళోని కవరు సర్దుకున్నాడు. "వచ్చే నెల నుంచి వాయిదా పది కట్టు. అమ్మకి ఏడు చాలు. అమ్మకి నేను చెప్తాను." అమ్మకి చెప్పడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఐదు దాటాక చెల్లి వచ్చింది. చేతిలో సర్టిఫికెట్లు. అసలువి, ఇందాక బ్యాంకులో ఇచ్చినవి. ఒక్కొక్కటీ తిప్పి చూసుకుని నాన్న ప్లాస్టిక్ కవరులో పెట్టింది.

"పంపొద్దన్నాను," అంది. ముక్కు ఎర్రబడింది. "మానేశాననుకోకండి. ఎనిమిదికి పంపొద్దన్నాను. అంతే. రెండుకి మూడుకి ఎక్కడ చెప్తారో కనుక్కుంటాను. దూరమైనా సరే. ఈ ఏడు పోతే పోయింది." కవరు మూసి నాన్న చేతిలో పెట్టింది. "నీ ఫోన్లో ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"పదిహేను పదహారు మంది ఉంటారు."

"అందరికీ చేస్తాను. ఫోను రేపటిదాకా నా దగ్గరే."

"సరే."

"నీతో మాట్లాడుతున్నాననుకోకు. మాట్లాడట్లేదు."

"సరే."

"సరే సరే అనకు."

బస్టాపులో నాన్న నడుమ నిలబడ్డాడు. ఎల్లుండి తన కాగితం కొత్తగా రాస్తారో లేదో, రాస్తే మళ్ళీ ఆ గోడ మీది ప్రశ్నే అడగాలో, మైకుకి తెలీదు. చెల్లి అడిగినట్టు అడిగితే ఏమవుతుందో తెలుసు. అయినా పెదాలు కదలకుండా ఆ ప్రశ్న ఒకసారి అనుకుని చూసింది. ఏయే నెలల్లో అసలేమీ రాలేదు?

బస్సు కనబడుతుండగా చెల్లి సంచీలో ఫోను మోగింది. చెల్లి తీసి చూసింది. గొడుగు. ఇందాక ఎత్తని మనిషి. చెల్లి ఇంకో చెవి అరచేత్తో మూసుకుని రెండడుగులు పక్కకి జరిగింది.

"చెప్పండక్కా," అంది. "వింటున్నా."